ఊస్తర్‌వేల్‌లో మిగిలిన ఒక్క నల్లపిట్ట

ఊస్తర్‌వేల్,
19 ఆగస్టు 2016

అడవి పక్షుల ఆరోగ్య కేంద్రంలో ఈ కవరు ఎవరు చించితే వారికి,

నమస్కారం. నా పేరు డ్రీస్ కూలెన్. వాల్ నది మీద జనాన్ని రేవు దాటించే పంటు నడిపి రిటైరయినవాణ్ణి. చచ్చిన నల్లపిట్ట కనిపిస్తే మీకు తెలియజేయమని పేపర్లో వేశారు కదా, తెలియజేస్తున్నాను. చచ్చిపోయింది. ఒకటి కాదు. మొదట ఆడది, గోధుమరంగుది, బీట్‌రూట్ మడి పక్కన పడి ఉంది. తర్వాత దాని పిల్లలు. మొన్న పొద్దున మగది కూడా.

ఆ మగపిట్ట సంగతి మీకు చెప్పాలి. నల్లగా నిగనిగలాడే ఒళ్ళు, పసుప్పచ్చ ముక్కు. సాయంత్రంపూట మా షెడ్డు కప్పు కొసన కూర్చుని పాడుతుంటే దారిన పోయేవాళ్ళు సైకిలు దిగేవారు. మొన్న దగ్గరికి వెళ్ళినా ఎగరలేదు. తూలుకుంటూ వచ్చి నా బూటుకు తల ఆనించింది. కాలు కదిపితే ఏమవుతుందోనని అలాగే నిలబడ్డాను. కాసేపటికి కదిపినా పర్వాలేదని తెలిసింది.

మీకు శ్రమ లేకుండా, చంపిందెవరో కూడా నేనే చెప్పేస్తాను. పక్కింటి టోన్ డెర్క్స్. వాడికి చెర్రీ చెట్లున్నాయి. ఏటా జూన్‌లో ఈ పిట్టలు వాడి చెర్రీలు తింటాయి, వాడు గిన్నెలు వాయిస్తూ చెట్ల కింద పరుగెడతాడు. ఈ ఏడు కాపంతా వాటి పొట్టలోకే పోయింది. "వీటి అంతు చూస్తాను" అని నా ఎదుటే అన్నాడు. అన్నవాడు ఊరుకుంటాడా? విషం పెట్టాడు.

కాబట్టి పిట్టను కోసి చూసి, 'విషం' అని ఒక కాగితం మీద రాసి, ముద్ర వేసి పంపండి. మిగతాది పోలీసులతో నేను చూసుకుంటాను.

మరో మనవి. జవాబు కవరు మీద మీ కేంద్రం పేరు వేయకండి. నా భార్య నెల్‌కి గుండె జబ్బు. వసంతం నుంచి మంచం మీదే ఉంది. తోట కనపడేలా మంచం కిటికీ పక్కన వేశాను. పిట్టలు పోయాయని ఆమెకు చెప్పలేదు.

కోపంలో ఉన్నా మర్యాద మరవని
డ్రీస్ కూలెన్

తా.క. పిట్టను బిస్కెట్ల డబ్బాలో పెట్టి దీంతోపాటే పంపుతున్నాను. డబ్బా నెల్‌ది. ఆమె అడిగేలోపు వెనక్కి పంపాలి.


జ్వొల్లె,
30 ఆగస్టు 2016

గౌరవనీయులైన కూలెన్ గారికి,

మీ ఉత్తరమూ, పిట్టా అందాయి. కవరు చించింది నేనే. నా పేరు యిస్కె హోవెంగా. ఇక్కడ పక్షుల జబ్బుల పరిశోధకురాలిని.

మీ పిట్టను కోసి చూశాం. విషం లేదు. దాని కాలేయం, ప్లీహం బాగా వాచి ఉన్నాయి. దాన్ని చంపింది ఉసుటు అనే వైరస్. ఆఫ్రికాలో ఒక నది పేరు అది. దోమ ఒక జబ్బు పిట్టను కుట్టి, తర్వాత ఇంకో పిట్టను కుడితే దానికి అంటుకుంటుంది. తూలడం, మనిషి వచ్చినా ఎగరకపోవడం, అన్నీ మీరు రాసినట్టే ఉంటాయి. ఈ ఎండాకాలం దేశం దక్షిణాన అంతటా నల్లపిట్టలు ఇలాగే రాలిపోతున్నాయి. మా ఫ్రీజర్లో చోటు లేదు.

అంటే ఇందులో నేరస్థులెవరూ లేరండీ. ఉన్నదల్లా నిలవనీటిలో పుట్టే మామూలు దోమ. వానపీపాల్లో, మూసుకుపోయిన తూముల్లో, ఎక్కడ నీళ్ళు నిలిస్తే అక్కడ పుడుతుంది.

మీకు కలిగిన నష్టానికి విచారిస్తూ,
యిస్కె హోవెంగా

తా.క. డబ్బా కడిగి పంపుతున్నాం. అడుగున కాగితం కింద రెండు దాల్చినచెక్క బిస్కెట్లు ఉన్నాయి. అవి నమూనాలో భాగమో కాదో తెలియక విడిగా ఫ్రిజ్‌లో భద్రపరిచాం.


ఊస్తర్‌వేల్,
2 సెప్టెంబరు 2016

డాక్టరమ్మ హోవెంగా గారికి,

నమస్కారం. ఆ వైరస్ పేరు చదివితేనే ప్రాణం ఉసూరుమంది. కానీ మీరు అసలు విషయం బయటపెట్టారు. వానపీపాలు! మా ఇంటికీ టోన్ ఇంటికీ మధ్య ఉన్నది పొదల కంచె ఒక్కటే. ఆ కంచెకు అవతల వరసగా ఉన్న పీపాలన్నీ వాడివే. వాడి పీపాలు, వాడి నీళ్ళు, వాడి దోమలు. విషం కన్నా తెలివైన పద్ధతి.

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్ళి ఒక్కొక్క పీపా దొర్లించేశాను. వాడు నీళ్ళ క్యాను పట్టుకుని వచ్చాడు.

"ఏం చేస్తున్నావు బావా?"

"నీ దోమల్ని పారబోస్తున్నాను."

"అవి నా చిక్కుళ్ళకి పోసే నీళ్ళు."

"ఆ నీళ్ళలో పుట్టినవే పిట్టల్ని చంపాయి. ఇన్నేళ్ళుగా చూస్తున్నా నిన్ను. ఇంకెప్పుడూ మా గడప తొక్కకు."

"లోపల అక్క ఉంది బావా."

"ఆ ఇల్లు నాది."

అవునండీ, ముందే చెప్పాల్సింది. టోన్ నెల్‌కి సొంత తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. రోజూ సాయంత్రం వచ్చి ఆమె మంచం పక్కన కూర్చుని, నా కాఫీ తాగి, నా కుర్చీని కిర్రుకిర్రుమనిపించి పోయేవాడు. ఇప్పుడు రావడం లేదు. పౌరుషం ఒకటి మళ్ళీ.

నెల్ అడిగింది, టోన్ రావడంలేదేమని. మోకాలి నొప్పట అన్నాను. "పిట్ట కూడా పాడటంలేదేం? దానికీ మోకాలేనా?" అంది.

నాకు కావలసింది ఒక్కటే. 'ఈ పిట్టలను చంపిన దోమలు టోన్ డెర్క్స్ గారివి' అని రెండు ముక్కలు రాసి ముద్ర వేయండి.

న్యాయం కోసం ఎదురుచూసే
డ్రీస్ కూలెన్

తా.క.1. బిస్కెట్లు మీకోసమే పెట్టాను. ఎవరైనా అలా ఫ్రిజ్‌లో పెడతారా? మెత్తబడిపోయి ఉంటాయి.

తా.క.2. మా షెడ్డు వెనకాల కూడా ఒక పాత స్నానాల తొట్టి నిండా వాననీళ్ళున్నాయి. కానీ అది మాది. అందులోని దోమలను ఏళ్ళ తరబడి చూస్తున్నాను, ఎవరి జోలికీ పోయే రకం కావు.


జ్వొల్లె,
7 సెప్టెంబరు 2016

గౌరవనీయులైన కూలెన్ గారికి,

దోమకు ఇంటిపేరు ఉండదండీ. మీరు అడిగిన కాగితం నేనే కాదు, ఈ భూమ్మీద ఎవరూ ఇవ్వలేరు.

మా గదిలో గోడ మీద పెద్ద పటం ఒకటి ఉంది. దాని ముందు మిమ్మల్ని నిలబెట్టాలని ఉంది. పదిహేనేళ్ళ క్రితం ఆస్ట్రియాలో తోటలకు తోటలు ఇలా మూగబోయాయి. తర్వాత జర్మనీలో, రైన్ నది వెంబడి. వేడి ఎక్కువగా ఉన్న ఎండాకాలం, పల్లపు నేల, నిలిచిన నీరు, ఈ మూడూ ఎక్కడ కలిస్తే జబ్బు అక్కడికి జరుగుతూ వచ్చింది. చచ్చిన పిట్ట దొరికిన ప్రతిచోటా మేము ఎర్ర గుండుసూది గుచ్చుతాం. దూరం నుంచి చూస్తే నేల మీద ఏదో ఒలికి, నెమ్మదిగా పాకుతున్నట్టు ఉంటుంది. కొన్ని పిట్టలు జబ్బుపడి కోలుకుంటాయి. వాటి రక్తంలో తట్టుకునే శక్తి మిగులుతుంది. అప్పుడు కొన్నేళ్ళు చావులు తగ్గుతాయి. ఆ పిట్టల కాలం తీరిపోయి, ఏమీ ఎరగని కొత్త పిట్టలు ఎక్కువయ్యాక మళ్ళీ మొదలవుతుంది. ఇదంతా మీ బావమరిది చిక్కుళ్ళకి నీళ్ళు పోయడం వల్ల జరిగిందంటారా?

నెల్ గారికి ఒక మాట చెప్పవచ్చు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నల్లపిట్టలు ఎలాగూ పాడవు. ఈకలు రాల్చుకునే కాలం. పొదల్లో దాక్కుంటాయి. అది అబద్ధం కూడా కాదు.

టోన్ గారిని లోపలికి రానివ్వండి. ఇది శాస్త్రం కాదు, ఊరికే నేను చెప్తున్న మాట.

గౌరవంతో,
యిస్కె హోవెంగా

తా.క. ఆ తొట్టి పారబోయండి. ఇవాళే.


ఊస్తర్‌వేల్,
14 సెప్టెంబరు 2016

డాక్టరమ్మ గారికి,

నమస్కారం. కూర్చుని చదవండి. మీ శాస్త్రం మొత్తం తలకిందులు కాబోతోంది. మా దగ్గర ఒకటి బతికింది!

నాలుగైదు రోజులుగా సాయంత్రంపూట కంచె అవతల నుంచి పాడుతోంది. మీరన్న ఈకల సంగతి నెల్‌కి చెప్పాను కూడా. "ఈ కాలంలో పాడవట, శాస్త్రజ్ఞులే రాశారు" అంటుండగానే అందుకుంది. నెల్ దిండు మీద తల తిప్పి కిటికీ కేసి చూసింది. "కిటికీ ఇంకొంచెం తెరువు డ్రీస్" అంది. ఆమె అంతసేపు కళ్ళు తెరుచుకుని ఉండటం చూసి చాలా రోజులైంది. ఆ రాత్రి సూప్ కూడా అడిగి తాగింది.

మీకు పనికొస్తాయని లక్షణాలు రాస్తున్నాను. గొంతు మా పాత పిట్టకన్నా కొంచెం బొంగురు. రెండు మూడు వరుసలు పాడాక ఖళ్ళుఖళ్ళున దగ్గుతుంది. జబ్బు ఇంకా పూర్తిగా తగ్గినట్టు లేదు పాపం. వాన పడినా మానదు. అప్పుడు మాత్రం పాటతోపాటు గొడుగు మీద చినుకులు పడుతున్నట్టు ఒక చప్పుడు వస్తుంది. నిన్న మాత్రం పాడలేదు. నిన్న టీవీలో ఫుట్‌బాల్ ఉంది. ఆ గోలకి బెదిరి ఉంటుంది.

పొదల్లోకి తొంగిచూద్దామని లేస్తే నెల్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వెళ్ళకు, భయపడి వెళ్ళిపోతుంది" అంది.

టోన్ కనపడటంలేదు. చేసినదానికి మొహం చెల్లక ఇంట్లోనే ఉంటున్నట్టున్నాడు.

మీ పటం మార్చబోతున్న సంతోషంతో,
డ్రీస్ కూలెన్

తా.క. ఈ పిట్టకు చుట్ట వాసన వస్తుంది. వైరస్ వల్లనా?


జ్వొల్లె,
19 సెప్టెంబరు 2016

ప్రియమైన కూలెన్ గారికి,

మీ ఉత్తరం ఇక్కడ అందరమూ చదివాం. రెండుసార్లు.

చుట్టుపక్కల పిట్టలన్నీ చచ్చిపోయిన చోట ఒకటి కోలుకుని, పాడని కాలంలో పాడుతోందంటే మాకు చిన్న విషయం కాదు. దాని రక్తం ఒక్క బొట్టు దొరికితే ఈ జబ్బును తట్టుకునే శక్తి ఎలా వస్తుందో, వచ్చే ఏళ్ళలో ఏం జరగబోతోందో కొంత తెలుస్తుంది. దగ్గు గురించి మా వాళ్ళు మధ్యాహ్నమంతా వాదించుకున్నారు. పక్షులు అలా దగ్గవు అని ఒకరు, ఇన్నాళ్ళూ ఎవరూ సరిగా వినలేదేమో అని ఇంకొకరు.

నిజం చెప్పమంటారా? ఈ ఎండాకాలమంతా నేను ఎర్ర సూదులే గుచ్చాను. మీ ఉత్తరం చదివాక సొరుగంతా వెతికి, ఆకుపచ్చ సూది ఒకటి తీసి ఊస్తర్‌వేల్ దగ్గర గుచ్చాను. పటం మొత్తంలో ఆ రంగుది అదొక్కటే. పొద్దున్నే గదిలోకి రాగానే కళ్ళు అటే పోతున్నాయి.

శుక్రవారం సాయంత్రం మా సహోద్యోగులు ఇద్దరు వల తీసుకుని వస్తారు. చాలా సన్నని వల. పక్షికి దెబ్బ తగలదు. రక్తం బొట్టు తీసుకుని, కాలికి చిన్న గుర్తు ఉంగరం వేసి వదిలేస్తారు.

ఆశతో,
యిస్కె

తా.క. చుట్ట వాసన గురించి మా పెద్దాయనని అడిగాను. ఆయన మీ ఉత్తరం తీసుకుని మూడోసారి చదివారు.


ఊస్తర్‌వేల్,
11 నవంబరు 2016

అమ్మా యిస్కె,

జవాబు ఆలస్యమైంది. ఆ శుక్రవారం ఏం జరిగిందో మీవాళ్ళిద్దరూ వచ్చి చెప్పే ఉంటారు. వాళ్ళు చూసింది కంచె దగ్గర జరిగిందే. తర్వాతది వాళ్ళకు తెలియదు. అందుకని మొదటి నుంచీ చెప్తాను.

వాళ్ళు కంచెకు అటువైపు, సందులో వల కట్టారు. టోన్ ఇంట్లో లేడు, అడిగే పని తప్పిందని నేను సంతోషించాను. అందరం మా వైపు పొదల వెనక కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా అటునుంచి ఆకుల చప్పుడు వినిపించింది. తర్వాత పాట. అంత బాగా ఎప్పుడూ పాడలేదమ్మా. మీవాళ్ళలో గడ్డం ఉన్నాయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఒక వరుస అయింది. దగ్గింది. ఇంకో అడుగు ముందుకు వేసినట్టుంది, "అయ్యబాబోయ్" అని అరిచింది. కంచె మొత్తం ఊగిపోయింది.

పరుగెత్తి చూస్తే వలలో టోన్. ఒక చేతిలో గొడుగు, నోట్లో ఆరిపోయిన చుట్ట. ఎంత గింజుకుంటే అంత చుట్టుకుంటోంది. పొడుగాయన చేతిలో ఆ చిన్న ఉంగరం అలాగే ఉంది. పాపం, దాన్ని ఒకసారి, టోన్ కాలును ఒకసారి చూశాడు.

నేను నోరు తెరిచేలోపు మా కిటికీలోంచి నెల్ గొంతు వినపడింది. అంత గట్టిగా మాట్లాడే ఓపిక ఆమెకు ఎక్కడినుంచి వచ్చిందో!

"డ్రీస్, మా తమ్ముణ్ణి ఆ వలలోంచి తీసి లోపలికి తీసుకురా. కాఫీలో వాడికి చక్కెర ఎక్కువ వెయ్యి."

మీవాళ్ళు వెళ్ళిపోయాక ముగ్గురం గదిలో కూర్చున్నాం. టోన్ నేల చూపులు చూస్తున్నాడు. "అక్క పిట్ట గురించి అడుగుతుంటే కిటికీలోంచి వినపడింది బావా. లోపలికి రావద్దన్నావు. కంచె అవతల ఉండొద్దని అనలేదుగా" అన్నాడు.

నెల్‌ని అడిగాను, "నీకు ఎప్పుడు తెలిసింది?" అని.

"మొదటి రోజే. చిన్నప్పుడు గట్టు మీద ఆడుకుంటుంటే అమ్మ పిలుస్తోందని చెప్పడానికి వీడు వేసిన ఈలే అది. ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో కూడా నాకు తెలుసు."

"పిట్టలు పోయాయని?"

"అదీ తెలుసు. నువ్వు రోజూ తోటలోకి పోయి, వంగి, ఏదో కాగితంలో చుట్టి కోటు లోపల పెట్టుకోవడం ఈ కిటికీలోంచి కనపడదా?"

"మరి నాకు ఒక్క మాట చెప్పలేదేం నెల్?"

నా ముఖంలోకి చూసి చెప్పింది. కోపంగా కూడా అనలేదు.

"చెప్తే నువ్వు వాణ్ణి అక్కణ్ణుంచి కూడా తరిమేసేవాడివి."

తరిమేసేవాణ్ణే. అదే కదమ్మా బాధ. పెళ్ళయి ఇన్నేళ్ళు నాతో ఉన్న మనిషి, నా గురించి సరిగ్గా తెలిసిన మనిషి, సొంత తమ్ముణ్ణి దగ్గర ఉంచుకోవడానికి పిట్ట అని నటించవలసి వచ్చింది. వాడు వానలో గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లో కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ మర్నాటి నుంచి టోన్ రోజూ లోపలికే వచ్చాడు. వాళ్ళిద్దరూ నాకు తెలియని మనుషుల పేర్లు చెప్పుకుని నవ్వుకునేవారు. నేను కాఫీ కలిపేవాణ్ణి. అక్టోబరు నడిమికి ఆమెకు మాట తగ్గింది. ఒక మధ్యాహ్నం టోన్ చెయ్యి పట్టుకుని, "ఒక్కసారి వెయ్యరా" అంది. వాడు పెదవులు ముడిచాడు. గాలి వచ్చింది కానీ చప్పుడు రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అంతే. ఏడుస్తూ ఎవరూ ఈల వేయలేరట, పెదవులు నిలవవట. నాకు తెలియదు. నాకు మామూలుగానే రాదు. ఇద్దరు మగాళ్ళం చెరోవైపు కూర్చుని ఆమె అడిగింది ఇవ్వలేకపోయాం. ఆమె వాడి బుగ్గ తుడిచి, "పోనీలే, ఇది ఈకలు రాల్చుకునే కాలం" అని నవ్వింది. ఆ సాయంత్రమే పోయింది.

నీ పటం మీది ఆకుపచ్చ సూది తీసేయి తల్లీ. నీకు ఇది రాయడం నాకు చాలా కష్టంగా ఉంది. నువ్వు పొద్దున్నే గదిలోకి వచ్చి అటే చూస్తానని రాశావు. కానీ నీ పటం నిజం చెప్పాలి. ఎర్రది గుచ్చు. ఊస్తర్‌వేల్‌లో పిట్ట లేదు.

టోన్, నేను ఒకరితో ఒకరం పెద్దగా మాట్లాడుకోం. వాడి పీపాలు మళ్ళీ నిలబెట్టి, పైన దోమతెర గుడ్డ కట్టి ఇచ్చాను. వాడు చూసి, "ముడి వదులుగా ఉంది బావా" అన్నాడు. విప్పి మళ్ళీ కట్టాను.

నీ మేలు మరిచిపోని
డ్రీస్ కూలెన్

తా.క. మీ వల ఇంకా మా దగ్గరే ఉంది. టోన్‌ని తీసేటప్పుడు మధ్యలో బాగా చిరిగింది. "చిరిగింది అలాగే పంపితే మన పరువేం కాను" అని నెల్ దాన్ని ఒళ్ళో వేయించుకుని, రోజుకు కొంచెంగా కుట్టింది. ఆ దారం ఆమె కళ్ళకు ఆనేది కాదు. అయినా నన్ను ముట్టుకోనివ్వలేదు. ఓ జానెడు మేర మిగిలిపోయింది. సూది ఆమె గుచ్చిన చోటే ఉంది. మీ కేంద్రానికి ఏం చెప్పుకుంటావో చెప్పుకో, వల నేను పంపను.